పరీక్షలో దొరక్కపోవడం వేరు, వాడకపోవడం వేరు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్ మేజర్ లీగ్ (అక్కడి అగ్రశ్రేణి లీగ్) స్టెరాయిడ్ పరీక్షలో ఎప్పుడూ దొరకలేదు కదా, మరి అతన్ని దోషి అని ఎలా అంటారు? ఇంజెక్షన్ వేసుకున్నంత మాత్రాన గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి బ్యాటుకు తగులుతుందా? డాలస్‌లో హైస్కూల్ బేస్‌బాల్ ఆడుతున్న మీ అబ్బాయి, జిమ్‌లో ఎవరో చెప్పారని ఏదో పౌడర్ డబ్బా తెచ్చుకున్నాడు, భయపడాలా? మూత్రం శాంపిళ్లలో స్టెరాయిడ్లు వెతికే ల్యాబ్ పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. మేజర్ లీగ్ శాంపిళ్లు మా దగ్గరికి రావు గానీ యంత్రాలు అవే, మోసాలూ అవే. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, చాలామంది పొరబడేది అక్కడే. బంతిని చదవడం, బ్యాటు తిప్పాలా వదిలేయాలా అని రెప్పపాటులో తేల్చుకోవడం ఏ సిరంజిలోంచీ రావు. బాండ్స్‌కి అవి మొదటినుంచీ ఉన్నాయి. అతని పేరు చుట్టూ స్టెరాయిడ్ల ఊసు రాకముందే, 1990, 1992, 1993లలో నేషనల్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడు అతనే. కానీ బంతి తగలడం ఒక ఎత్తు, తగిలిన బంతి ఎంత దూరం పోతుందన్నది ఇంకో ఎత్తు. బేస్‌బాల్ మైదానంలో నడిమి కంచె సుమారు 400 అడుగుల దూరాన ఉంటుంది, మన క్రికెట్ బౌండరీ కంటే చాలా ఎక్కువ. గట్టిగా కొట్టిన బంతులు ఎన్నో ఆ కంచెకు పది పదిహేను అడుగుల ఇవతలే ఫీల్డర్ చేతికి చిక్కుతాయి. వాటికి ఇంకాస్త ఊపు తోడైతే చాలు, క్యాచ్ కావలసింది కంచె దాటి హోమ్ రన్ అవుతుంది, మన సిక్సర్ లాంటిది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త రోజర్ టోబిన్ 2008లో లెక్కగట్టింది ఇదే: కండ 10 శాతం పెరిగితే బ్యాటు వేగం 5 శాతం దాకా, బంతి వేగం 4 శాతం దాకా పెరుగుతాయి. ఆ మాత్రానికే హోమ్ రన్లు 50 శాతం, అంతకు మించి కూడా పెరగొచ్చు.

మరి కండ అంత పెరుగుతుందా అంటే, దానికి జవాబు 1996లోనే వచ్చింది. భారతీయ మూలాలున్న వైద్యుడు షలేందర్ భాసిన్, ఆయన బృందం ఆరోగ్యంగా ఉన్న 43 మంది మగవాళ్ల మీద పది వారాల పాటు ప్రయోగం చేశారు. కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ (కండ పెంచే మగ హార్మోన్, స్టెరాయిడ్లలో ఒకటి), కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్. రెండు గుంపుల్లోనూ సగం మంది బరువులు ఎత్తారు, సగం మంది ఎత్తలేదు. మందు లేకుండా బరువులు మాత్రమే ఎత్తినవాళ్లకు కొవ్వు కాని బరువు సుమారు 2 కిలోలు పెరిగింది. మందు తీసుకుని ఏ కసరత్తూ చేయనివాళ్లకు 3 కిలోల పైన పెరిగింది. రెండూ చేసినవాళ్లకు 6 కిలోలు. మధ్యలో ఉన్న అంకెను ఇంకోసారి చూడండి: ఊరికే కూర్చున్నవాడికి, చెమటోడ్చినవాడి కంటే ఎక్కువ కండ పట్టింది. "వాళ్లు కూడా కష్టపడ్డారు కదా" అని వెనకేసుకొచ్చేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ ప్రయోగం గురించే చెబుతాను. పైగా ఆరు నెలల్లో 162 ఆటలు. ఆగస్టు వచ్చేసరికి అందరి ఒళ్లూ అలిసిపోతుంది. అలసట నుంచి త్వరగా తేరుకోవడమే ఈ మందుల అసలు లాభం అని వాడినవాళ్లే చెప్పారు. అందుకే బంతి విసిరే పిచర్లు కూడా వీటిలో బ్యాటర్లకు ఏమాత్రం తీసిపోలేదు.

ఇక బాండ్స్ సంగతి. పరీక్ష అంటే యంత్రంలో మూత్రం పోయగానే స్టెరాయిడ్ ఉందనో లేదనో చెప్పేస్తుందనుకుంటారు. అలా ఉండదండీ. ఏ పదార్థం కోసం వెతుకుతున్నామో మాకు ముందే తెలిసి ఉండాలి. ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంటుంది, ఆ గుర్తు మా జాబితాలో ఉంటేనే పట్టుకోగలం. లేకపోతే అది మా కళ్లముందే దాటిపోతుంది, మేం నిజాయితీగానే "నెగటివ్" అని రాసి సంతకం పెడతాం.

శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర బర్లింగేమ్‌లో విక్టర్ కాంటే నడిపిన బాల్కో అనే సంస్థ సరిగ్గా దీని మీదే వ్యాపారం చేసింది. పాట్రిక్ ఆర్నాల్డ్ అనే రసాయనవేత్త టీహెచ్‌జీ అనే కొత్త స్టెరాయిడ్‌ను తయారుచేశాడు. ఏ ల్యాబ్ జాబితాలోనూ అది లేదు. ఆటగాళ్లు దాన్ని "క్లియర్" అనేవాళ్లు, నాలుక కింద చుక్కలు వేసుకునేవాళ్లు. దీనికి తోడు ఇంకో సౌలభ్యం కూడా వాళ్లకు కలిసొచ్చింది. అప్పట్లో మేం మూత్రం సారాన్ని రసాయనాలతో కలిపి, బాగా వేడిచేసి, వాయువుగా మార్చి యంత్రంలోకి పంపేవాళ్లం. టీహెచ్‌జీ ఆ తయారీలోనే ముక్కలైపోయేది. అంటే దాన్ని పట్టుకోవలసిన పద్ధతే దాని ఆనవాళ్లు చెరిపేసేది.

2003 జూన్‌లో ట్రెవర్ గ్రాహమ్ అనే పరుగుల కోచ్ వాడిన సిరంజి ఒకటి అమెరికా డోపింగ్ నిరోధక సంస్థకు పంపాడు. అందులో అడుగున మిగిలిన చుక్కల్ని లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ల్యాబ్‌లో డాన్ క్యాట్లిన్ బృందం పరీక్షించింది. వేడి చేసే పద్ధతి పక్కనపెట్టి, ద్రవరూపంలోనే వేరుచేసే యంత్రం వాడారు. ఫలానా నిర్మాణం అయివుంటుందని ఊహించి, అదే పదార్థాన్ని తామే తయారుచేసి, రెండింటినీ పోల్చి చూసి ఖాయం చేసుకున్నారు. మా వృత్తిలో ఇంతకంటే అందమైన పని ఇంకొకటి జరిగిందని నేననుకోను. ఆ సెప్టెంబరులోనే ఫెడరల్ అధికారులు బాల్కో మీద దాడి చేశారు.

ఇప్పుడు బాండ్స్ కాగితాలు చూడండి. 2003లో మేజర్ లీగ్ పేర్లు బయటపెట్టకుండా ఒక సర్వే పరీక్ష జరిపింది. అందులో అతని శాంపిల్ నెగటివ్. 2004లో ఫెడరల్ అధికారులు ఆ శాంపిళ్లను స్వాధీనం చేసుకున్నారు. టీహెచ్‌జీని ఎలా వెతకాలో తెలిశాక అదే శాంపిల్‌ను మళ్లీ పరీక్షిస్తే అందులో టీహెచ్‌జీ కనిపించిందని 2009లో బయటపెట్టిన కోర్టు పత్రాల్లో ఉంది. మూత్రం అదే, మనిషీ అతనే, మధ్యలో మారింది ల్యాబ్‌కున్న తెలివిడి ఒక్కటే. 2003 డిసెంబరులో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) ముందు బాండ్స్ చెప్పింది, ట్రైనర్ ఇచ్చినవి అవిసె నూనె, కీళ్లనొప్పుల లేపనం అనుకున్నానని. అంటే వాడలేదని కూడా కాదు, తెలియక వాడానని. ఆ ట్రైనర్ గ్రెగ్ ఆండర్సన్ సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోక ఏడాదికి పైగా జైల్లో కూర్చున్నాడు. అతని సాక్ష్యం లేకపోవడంతో బాల్కోలో దొరికిన మరికొన్ని పరీక్ష ఫలితాలను న్యాయమూర్తి విచారణలోకి రానివ్వలేదు. 2011లో న్యాయానికి అడ్డుపడ్డాడన్న ఒక్క నేరం రుజువైంది, 2015లో అప్పీలు కోర్టు అదీ కొట్టేసింది. కాబట్టి చట్టం దృష్టిలో ఈరోజు అతని మీద ఏ నేరమూ లేదు. ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. కానీ "పరీక్షలో దొరకలేదు కదా" అన్న వాదన మాత్రం నా ముందు నిలబడదు.

టెస్టోస్టిరాన్ దగ్గరికొస్తే చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే అది అందరి ఒంట్లోనూ ఉండేదే. ఒంట్లో దానికి జంటగా ఎపిటెస్టోస్టిరాన్ అనేది ఒకటి తయారవుతుంది, దానివల్ల కండ పట్టదు. మామూలుగా రెండూ కాస్త అటూ ఇటూగా సమానంగా ఉంటాయి. బయటినుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మొదటిది పెరిగి నిష్పత్తి తప్పుతుంది. 4కి 1 దాటితే అనుమానించాలన్నది 2005 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ పెట్టుకున్న హద్దు. బాల్కో వాళ్లు దీనికీ విరుగుడు కనిపెట్టారు. "క్రీమ్" అని వాళ్లిచ్చిన లేపనంలో రెండో పదార్థాన్ని కూడా కలిపేశారు, నిష్పత్తి చెదరకుండా.

అప్పుడు మా దగ్గర మిగిలే ఆయుధం కర్బన పరీక్ష. మందుల కంపెనీలు టెస్టోస్టిరాన్‌ను సోయా, యామ్ దుంపల్లాంటి మొక్కల నుంచి తీసిన పదార్థాలతో తయారుచేస్తాయి. ఆ మొక్కల్లో బరువైన కర్బనం, అంటే కర్బనం-13, మన ఒంట్లో ఉండేదానికంటే తక్కువ పాళ్లలో ఉంటుంది. ఆ తేడా చాలా చిన్నది, కానీ యంత్రానికి తెలుస్తుంది. ఒంట్లో పుట్టిన టెస్టోస్టిరాన్ ఏదో, సీసాలోంచి వచ్చింది ఏదో దాన్నిబట్టి తేల్చొచ్చు. ఖర్చెక్కువ, సమయం ఎక్కువ, అందుకని చాలాకాలం అనుమానం వచ్చిన శాంపిళ్లకే చేసేవాళ్లు. ప్రతి ఆటగాడికీ ఏడాదికి కనీసం ఒక్కసారైనా చేయాలని మేజర్ లీగ్ 2014లోగాని ఒప్పుకోలేదు.

ర్యాన్ బ్రాన్ అనే మేజర్ లీగ్ ఆటగాడి వ్యవహారం ఈ పరీక్ష చుట్టూనే తిరిగింది. 2011 అక్టోబరులో అతని నిష్పత్తి 20కి 1 దాటిందని వార్తలొచ్చాయి. శాంపిల్ తీసుకున్నాయన ఆ శనివారం సాయంత్రం కొరియర్ దొరకదనుకుని దాన్ని తన ఇంట్లో ఉంచి, సోమవారం పంపాడు. 44 గంటల ఆలస్యం. ఆ కారణంతోనే 2012 ఫిబ్రవరిలో మధ్యవర్తి శ్యామ్ దాస్ శిక్షను రద్దు చేశాడు. నియమం ప్రకారం ఆయన తీర్పు సరైనదే కావచ్చు, శాంపిల్ భద్రత మా పనికి ప్రాణం. కానీ సీళ్లు చెక్కుచెదరకుండానే మాంట్రియల్ ల్యాబ్‌కి చేరాయి. ఇంట్లో రెండు రోజులున్న సీసాలో మొక్కల టెస్టోస్టిరాన్ దానంతటదే పుట్టదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది తర్వాత జరిగింది. బ్రాన్ విలేకరుల ముందు నిలబడి ఆ శాంపిల్ తీసుకున్నాయన మీదే అనుమానం వచ్చేలా మాట్లాడాడు. ఒక మామూలు ఉద్యోగి పేరు దేశమంతా నానింది. 2013లో బ్రాన్ తప్పు ఒప్పుకుని 65 ఆటల నిషేధం అనుభవించాడు, ఆయనకు క్షమాపణ కూడా చెప్పాడు.

పెద్ద కేసులన్నీ ఎలా బయటపడ్డాయో చూస్తే మీకే అర్థమవుతుంది. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ ఇచ్చిన 409 పేజీల నివేదికలో 89 మంది ఆటగాళ్ల పేర్లున్నాయి. వాటిలో చాలావరకు కిర్క్ రడోమ్‌స్కీ చెప్పినవి. అతను న్యూయార్క్ మెట్స్ లాకర్ గదిలో పనిచేసి, తర్వాత మందులు అమ్మినవాడు. ఆధారాలు చెక్కులు, ఫోన్ బిల్లులు, పార్సిల్ రసీదులు. 2013లో ఫ్లోరిడాలోని బయోజెనెసిస్ క్లినిక్ బండారం బయటపడింది ఆంథొనీ బాష్ రాసుకున్న నోటు పుస్తకాల వల్ల. స్టార్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్‌కి ముందు 211 ఆటలు, తగ్గించాక 2014 సీజన్ మొత్తం నిషేధం పడింది. ఆ క్లినిక్ వల్ల శిక్ష పడినవాళ్లలో ఎక్కువ మంది అంతకుముందు ఏ పరీక్షలోనూ దొరకలేదు. ఆటకు ముందు చప్పరిస్తే కొద్ది గంటల్లోనే ఒంట్లోంచి పోయే టెస్టోస్టిరాన్ బిళ్లలు ఇచ్చేవాణ్ణని బాషే టీవీలో చెప్పాడు. మా ల్యాబులు భయం పుట్టిస్తాయి, వాడకాన్ని కొంత తగ్గిస్తాయి. అంతకుమించి మా మీద భారం వేయొద్దని ల్యాబ్ మనిషిగా నేనే చెబుతున్నాను.

ఇంత ఆలస్యం ఎందుకైందని మీరు అడగలేదు గానీ, అది చెప్పకుండా బాండ్స్ ఒక్కణ్ణే బోనులో నిలబెడితే అన్యాయం. స్టెరాయిడ్లు నిషేధమేనని మేజర్ లీగ్ అధిపతి, అంటే కమిషనర్, ఫే విన్సెంట్ 1991లోనే అన్ని జట్లకూ ఉత్తరం రాశాడు. కానీ పరీక్ష పెట్టాలంటే ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకోవాలి. యూనియన్‌కి యజమానుల మీద నమ్మకం లేదు, దానికి కారణమూ ఉంది. 1980లలో యజమానులంతా కూడబలుక్కుని ఆటగాళ్లకు బేరం దక్కకుండా చేశారని మధ్యవర్తులు తేల్చారు, 28 కోట్ల డాలర్ల పరిహారం కట్టాల్సి వచ్చింది. అలాంటివాళ్ల చేతికి మూత్రం సీసా ఇవ్వమంటే ఎవరిస్తారు? 1994 సమ్మెలో ఏడాది చివరి ఫైనల్ అయిన వరల్డ్ సిరీసే రద్దయింది, జనం ఆటకు దూరమయ్యారు. 1998లో మార్క్ మెగ్వైర్ 70, సామీ సోసా 66 హోమ్ రన్లు కొట్టి వాళ్లను మళ్లీ మైదానానికి రప్పించారు. ఆ ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ విలేకరి స్టీవ్ విల్‌స్టీన్ మెగ్వైర్ లాకర్‌లో ఆండ్రోస్టెనిడియోన్ (ఒంట్లో టెస్టోస్టిరాన్‌గా మారే పదార్థం) సీసా చూసి రాశాడు. ఒలింపిక్స్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో అది అప్పటికే నిషేధం, బేస్‌బాల్ ఆటగాళ్లు మాత్రం అప్పట్లో దుకాణంలో కొనుక్కుని వాడుకోవచ్చు. జనం కోపం సీసా మీదికి పోకుండా విలేకరి మీదికి పోయింది. మెగ్వైర్ జట్టు కార్డినల్స్ మేనేజర్ టోనీ లా రుసా ఏపీ వాళ్లను లాకర్ గదిలోకి రానివ్వకూడదన్నాడు.

2003 సర్వేలో దొరికినవాళ్లు 5 శాతం దాటితేనే శిక్షలతో పరీక్షలు అన్నది ఒప్పందం. ముందే తెలిసిన పరీక్షలో కూడా 5 శాతం దాటింది. 2005లో కాంగ్రెస్ ముందు వేలు చూపించి "ఎప్పుడూ వాడలేదు" అన్న ఆటగాడు రఫాయెల్ పాల్మెయిరో స్టానొజొలాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికాడని అదే ఏడాది ఆగస్టులో బయటపడింది. శిక్ష పది రోజులు. ఇప్పుడు మొదటిసారికి 80 ఆటలు, రెండోసారికి 162, మూడోసారికి శాశ్వతం.

అయినా ఎందుకు వాడతారంటే, డబ్బు లెక్క చూడండి. మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఆడేవాడికి 2023 ఒప్పందం ప్రకారం ఏడాదికి కనీసం 35,800 డాలర్లు. మేజర్ లీగ్‌లో కనీసం, 2025లో, 7,60,000 డాలర్లు. రెండింటి మధ్య తేడా చాలాసార్లు బంతి వేగంలో ఒకటి రెండు మైళ్లు. జానీ పెరాల్టా అనే ఆటగాడు 2013లో బయోజెనెసిస్ వల్ల 50 ఆటలు కూర్చుని, అదే చలికాలంలో నాలుగేళ్లకు 5 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. నా మనసెప్పుడూ ఆ కింది మెట్టు మీద శుభ్రంగా ఆడి, పైకి రాలేక ఇంటికెళ్లిపోయినవాడి దగ్గరే ఆగుతుంది. బాండ్స్ వల్ల హాంక్ ఏరన్ 755 హోమ్ రన్ల రికార్డు పోయింది, కానీ ఏరన్ పేరు చెరిగిపోదు. ఆ కుర్రాడి పేరు మాత్రం మనకెవరికీ తెలియదు, అతని లెక్క ఏ నివేదికలోనూ లేదు.

బేస్‌బాల్ మహామహులకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గురించి రెండు ముక్కలు. అందులోకి రావాలంటే 75 శాతం ఓట్లు కావాలి. 2022లో చివరి అవకాశంలో బాండ్స్‌కి 66 శాతం వచ్చాయి. ఆ తర్వాత కమిటీల ఓటింగులోనూ గట్టెక్కలేదు. అతన్ని బయట ఉంచడం తప్పని నేననను. కానీ ఆ కాలమంతా కమిషనర్‌గా ఉన్న బడ్ సీలిగ్‌ను 2017లో లోపల కూర్చోబెట్టి, బాండ్స్‌ను గుమ్మం బయట నిలబెట్టడం నాకు మింగుడుపడదు.

ఇక మీ అబ్బాయి. మీరు డాలస్ అన్నారు కాబట్టి చెబుతున్నాను. మన తెలుగువాళ్లు ఇంతమంది ఉంటున్న ఆ ప్లానోలోనే టేలర్ హూటన్ అనే హైస్కూల్ పిచర్ ఉండేవాడు. ఒళ్లు పెంచాలని ఒక కోచ్ అన్నాడట. స్టెరాయిడ్లు మొదలుపెట్టాడు. 2003 జులైలో, పదిహేడేళ్ల వయసులో, ఆత్మహత్య చేసుకున్నాడు. స్టెరాయిడ్లు ఆపాక వచ్చిన కుంగుబాటే కారణమని తండ్రి డాన్ హూటన్ 2005లో కాంగ్రెస్ ముందు చెప్పాడు. ఆపినప్పుడు కుంగుబాటు రావడం వైద్యులు ఒప్పుకున్న సంగతే: బయటినుంచి వస్తోందని ఒళ్లు తన తయారీ మానేస్తుంది, మందు ఆగగానే రెండూ ఉండవు. ఎదిగే వయసులో ఇంకో నష్టం ఉంది, ఎముకల చివర్లు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది.

డబ్బా విషయంలో భయపడకండి, కానీ వదిలేయకండి. 1994 చట్టం వల్ల అమెరికాలో సప్లిమెంట్లు అమ్మకానికి రాకముందు ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతి అక్కర్లేదు, లేబుల్ మీద లేనిది లోపల ఉండొచ్చు. డబ్బా మీద "ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్" గుర్తు ఉందేమో చూడండి, ఆ సంస్థ సైటులో బ్యాచ్ నంబరుతో సరిచూసుకోండి. మామూలు ప్రొటీన్ పౌడర్, క్రియాటిన్ అయితే కంగారు పడాల్సింది లేదు, పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. "టెస్టో" అనో, "ప్రోహార్మోన్" అనో, "సార్మ్" అనో రాసి ఉంటే ఈ రాత్రే ఇంట్లోంచి తీసేయండి. ఇప్పటికే కొన్నాళ్లుగా వాడుతున్నాడంటే డాక్టరుతో ఆ మాట దాచకండి, హార్మోన్ల రక్తపరీక్ష అడగండి, కొన్ని నెలల పాటు వాడి నిద్ర, మూడ్ గమనిస్తూ ఉండండి. స్కూల్లో పరీక్షిస్తారులే అనుకోవద్దు. టెక్సాస్ హైస్కూళ్లలో పెట్టిన స్టెరాయిడ్ పరీక్షలు, కొద్దిమందే దొరుకుతున్నారని, నిధులు ఆపేసి 2015లో ఎత్తేశారు. డబ్బా వెనక వైపు ఫోటో తీసి ఇక్కడ పెడితే, అందులో ఏముందో నేను చదివి చెబుతాను.